త్రాగునీరు – నరముల వ్యాధి

2025వ సంవత్సరము జనవరి నెలలో మహారాష్ట్రమందలి పుణె నగరమున వైద్యులకు ఒక వింత కనబడినది. ఒకే ప్రాంతమునుండి, కొలది దినముల వ్యవధిలో, కాళ్లు చచ్చుబడి నడువలేని రోగులు ఒకరివెంట నొకరు ఆసుపత్రులకు వచ్చిరి. వారిలో పిల్లలుండిరి, వయసువారుండిరి, వృద్ధులుండిరి. కొన్ని దినముల క్రిందట కడుపునొప్పి, విరేచనములు వచ్చి వాటంతట అవియే తగ్గిపోయినవని వారిలో పలువురు చెప్పిరి. ఆ రోగులలో ఎక్కువమంది ఖడక్‌వాస్లా జలాశయమునకు సమీపమున, సింహగఢ్ రోడ్డు ప్రాంతమున నివసించువారు. నాందేడ్, కిర్కట్‌వాడీ, ఖడక్‌వాస్లా యనునవి అచటి ఊళ్లు. ఈ నాందేడ్ మన తెలుగువా రెరిగిన గోదావరితీరపు నాందేడ్ కాదు; పుణె ప్రక్కనున్న చిన్న గ్రామము. 2021 వరకు ఇవి వేర్వేరు గ్రామములే. ఆ సంవత్సరమున నగరపాలక సంస్థలో చేర్చబడినవి. పొలములలో మేడలు లేచినవి, జనము పెరిగినది. త్రాగునీరు మాత్రము వడపోత లేక, బావికి వచ్చిన నీటిలో క్లోరిన్ కలిపి పంచు పాతపద్ధతినే వచ్చుచుండెను.

అనుమానిత రోగుల సంఖ్య రెండువందలు దాటినది. కొందరు మరణించిరి. రోగుల మలమును పరీక్షింపగా పలువురిలో కాంపైలోబాక్టర్ జెజునై అను సూక్ష్మజీవియు, కొందరిలో నోరోవైరస్ అను వైరసును కనబడినవి. నరములకు వచ్చిన ఆ జబ్బు పేరు గిలాన్-బారే వ్యాధి. పత్రికలలో దీనినే జి.బి.ఎస్. అని వ్రాయుదురు. మరుసటి నెలలో మన రాష్ట్రమునందును ఈ వ్యాధిని గూర్చిన వార్తలు వచ్చి ప్రజలను కలవరపెట్టినవి. ఇది క్రొత్తగా పుట్టిన జబ్బు కాదు. ప్రపంచమందంతటను ప్రతి సంవత్సరము లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చుచునే యున్నది. అక్కడొకరు ఇక్కడొకరుగా వచ్చినపుడు దానిని ఆపుట ఎవరి చేతిలోనిదియు కాదు. ఒకే ఊరిలో గుంపుగా వచ్చినపుడు మాత్రము ముందుగా ఆ ఊరి నీటిని అనుమానింపవలెను.

పంచాయతీ సభ్యునకు నరముల జబ్బుతో నేమి పని యని కొందరడుగవచ్చును. దీని చికిత్స పెద్ద ఆసుపత్రిలో ఉన్నమాట నిజమే. కాని దీని పుట్టుక అనేక సందర్భములలో ఊరి నీళ్ల ట్యాంకులోనో, బావిలోనో, మురుగుకాలువలో మునిగియున్న కుళాయి గొట్టములోనో ఉండును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. త్రాగునీరు అందులో ఒకటి. ఆరోగ్యము, పారిశుద్ధ్యము మరియొకటి. ఆ రెండు బాధ్యతలలో ఏది సడలినను ఈ జబ్బుకు దారి యేర్పడును.

వ్యాధి ఎట్లు మొదలగును?

1916లో, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, గిలాన్, బారే, స్ట్రోల్ అను ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికులకు వచ్చిన ఈ జబ్బును వర్ణించిరి. మూడవవాని పేరును లోకము మరచినది. మొదటి ఇద్దరి పేర్లు నిలిచినవి.

సాధారణముగా మొదట పాదములలో తిమ్మిరి, సూదులతో గ్రుచ్చినట్లు బాధ కలుగును. నడుము నొప్పి రావచ్చును. పిమ్మట కాళ్ల బలము తగ్గును. క్రింద కూర్చున్నవాడు చేయి ఊనక లేవలేడు, మెట్లెక్కలేడు, కాలినుండి చెప్పు జారిపోవును. ఒకటి రెండు దినములలోనో, వారములోనో బలహీనత తొడలకు, చేతులకు, ముఖమునకు ప్రాకును. రెండు కాళ్లును ఇంచుమించు సమానముగా చచ్చుబడును. మన గ్రామములలో చచ్చుబడిన ప్రతి జబ్బును పక్షవాతమనుట అలవాటు. కాని పక్షవాతమునందు శరీరమున ఒక పక్షము, అనగా ఒక ప్రక్క, పడిపోవును. అది మెదడునకు సంబంధించినది. ఇది రెండు ప్రక్కల వచ్చును. క్రిందినుండి పైకి ప్రాకును. మెదడు, తెలివి చెడవు. రోగికి అంతయు తెలియుచునే యుండును. అందువలననే అతని భయము మరింత ఎక్కువ.

బలహీనత రెండు వారములలో, కొందరికి నాలుగు వారములలో, పరాకాష్ఠ నందుకొని పిమ్మట నిలిచిపోవును. ఈ మధ్యకాలమే ప్రాణాపాయమైనది. దాదాపు నలుగురిలో ఒకరికి ఊపిరి ఆడించు కండరములు గూడ చచ్చుబడును. వారికి కృత్రిమశ్వాస యంత్రము కావలెను. మ్రింగుటకు కష్టమగుట, గొంతు మారుట, గుక్క తిప్పుకొనకుండ ఇరువది అంకెల వరకు లెక్కింపలేకపోవుట యనునవి ఊపిరి కండరములు అలయుచున్నవనుటకు గుర్తులు. ఐనను ఈ గుర్తులు కనబడువరకు వేచియుండుట తగదు. కాళ్లలో బలము తగ్గుచున్నదని తెలిసిన దినముననే ఆసుపత్రికి చేర్చవలెను. నూనె మర్దనములతో, గాలి సోకినదని కట్టించు తాయెత్తులతో నాలుగు దినములు గడపిన రోగి, దారిలో 108 బండిలోనే ఊపిరికి కొట్టుకొను స్థితికి వచ్చును.

విరేచనములకు, నరములకు సంబంధమేమి?

ఇది మొదట వైద్యులకే అంతుపట్టలేదు. కడుపులో పుట్టిన సూక్ష్మజీవి కాళ్ల నరములకు పోయి వాటిని కొరుకునా? అట్లు జరుగదు. రోగి నరములలో వెదకినను ఆ సూక్ష్మజీవి కానరాదు. నరములను చెరచునది రోగి శరీరమే.

మన శరీరమునందు పరాయి సూక్ష్మజీవులను గుర్తించి నశింపజేయు కావలి వ్యవస్థ కలదు. ప్రతి సూక్ష్మజీవి పైపొరపైనను కొన్ని గుర్తులుండును. ఆ గుర్తులకు తాళమునకు తాళపుచెవివలె సరిపోవు ప్రతిరక్షకములను శరీరము తయారుచేసి రక్తములోనికి విడుచును. అవి ఆ గుర్తుగల జీవిని పట్టుకొని నాశనము చేయును. కాంపైలోబాక్టర్ పైపొరమీద కొవ్వుతో కూడిన చక్కెర గొలుసులు కలవు. ఈ సూక్ష్మజీవి జాతులలో కొన్నింటియందు ఆ గొలుసుల కూర్పు, మనుష్యుల నరములపై నుండు గాంగ్లియోసైడ్ అను పదార్థపు కూర్పును అచ్చముగా పోలియుండును.

పూర్వము మన ఊళ్లలో బందెలదొడ్డి యుండెడిది. చేలోబడి మేసిన గొడ్డును కావలివాండ్రు తోలుకొనిపోయి అందులో పెట్టువారు. నుదుట తెల్లమచ్చ గల యొక ఎఱ్ఱఆవు రాత్రి చేను మేసినదనుకొందము. ఆ గుర్తు చెప్పి పదిమంది కావలివాండ్రను పంపిరి. వారు దొంగగొడ్డును పట్టిరి, దొడ్డిలో పెట్టిరి. కాని వారిని వెనుకకు పిలుచువాడు లేడు. తెల్లవారిన పిమ్మట ఇంకొక రైతు ఇంట, గుంజకు కట్టివేసియున్న తెల్లమచ్చ ఎఱ్ఱఆవు కనబడినది. దానిని గూడ తోలుకొనిపోయిరి. అది చేనివైపునకు పోనేలేదు. ఇంటికి పాలిచ్చు గోవు. నరములకు జరుగు అన్యాయము ఇట్టిదే. సూక్ష్మజీవిని పట్టుటకై పుట్టిన ప్రతిరక్షకములు, అదే గుర్తు గల నరములను పట్టుకొని దెబ్బతీయును.

ఈ పోలికవలననే మరియొక సంగతియు తెలియుచున్నది. ప్రతిరక్షకములు తగినంతగా తయారగుటకు కొంతకాలము పట్టును. అందుచేత విరేచనములు వచ్చిన దినమున కాళ్లు పడిపోవు. అవి తగ్గి, మనిషి పనిలోనికి పోయిన తరువాత, ఒకటి మొదలు మూడు వారములకు జబ్బు బయటపడును. అప్పటికి విరేచనముల సంగతి ఇంటివారు మరచియుందురు. వైద్యుడు అడిగిననే గాని చెప్పరు. ఊరిలో అతిసారము తలయెత్తినచో, అది తగ్గిన పిమ్మట గూడ ఒక నెలవరకు కాళ్ల బలహీనతను గూర్చి విచారించుచుండుట ఆశా కార్యకర్తల పనిలో చేర్పదగినది.

నరమును కరెంటు తీగతో పోల్పవచ్చును. లోపల తీగ, పైన రబ్బరు తొడుగు. కొందరు రోగులకు తొడుగు మాత్రమే చెడును. అది తిరిగి త్వరగా ఏర్పడును. కాంపైలోబాక్టర్ వలన వచ్చు జబ్బులో లోపలి తీగయే దెబ్బతినుట తరచు.

ఈ సంబంధమును స్థిరపరచినవారిలో ఉత్తర చైనా గ్రామముల పిల్లలకు గొప్ప పాలు కలదని చెప్పవలెను, పాపము వారు కోరి చేసినది కాకపోయినను. అచటి హెబె రాష్ట్రపు పల్లెలలో ప్రతి వేసవిలోను పిల్లలు అకస్మాత్తుగా కాళ్లు చేతులు చచ్చుబడి ఆసుపత్రులకు వచ్చుచుండిరి. పోలియో యనుకొనుటకు వీలులేదు. చైనా వైద్యులును, అమెరికా వైద్యులును కలిసి పరిశీలించి 1991లో ఈ వృత్తాంతమును ప్రకటించిరి. 1995లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో, ఈ రోగులలో నూటికి 66 మందికి కాంపైలోబాక్టర్ అంతకుముందే సోకిన గుర్తులు రక్తములో కనబడినవి. జబ్బులేని గ్రామస్థులలో అట్టివారు నూటికి 16 మంది మాత్రమే. జపానులో నొబుహిరో యుకి యను వైద్యుడును, ఆయన సహచరులును సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర గొలుసు, నరముపైని పదార్థము ఒకదానినొకటి పోలియున్నవని రసాయనశాస్త్రరీత్యా చూపిరి. 2004లో ఆ పైపొర పదార్థమునే కుందేళ్లకు ఎక్కింపగా వాటి కాళ్లు చచ్చుబడినవి.

నీటికిని ఈ జబ్బునకును గల సంబంధము పుణెలోనే మొదట కనబడినది కాదు. 2011లో మెక్సికో-అమెరికా సరిహద్దునకు ఇరువైపుల నున్న సాన్ లూయిస్ రియో కొలరాడో, యూమా ప్రాంతములలో 26 మందికి ఈ జబ్బు రాగా, సరిగా క్రిమిరహితము కాని కుళాయి నీటినే అనుమానించిరి. పెరూ దేశమున 2023లో ఈ వ్యాధి ప్రబలగా ప్రభుత్వము దేశమంతటను ఆరోగ్య అత్యవసర స్థితిని ప్రకటింపవలసివచ్చెను.

కాంపైలోబాక్టర్ సోకిన ప్రతివానికిని ఈ జబ్బు వచ్చునని భయపడనక్కరలేదు. వేయిమందిలో ఒకరికో, అంతకన్న తక్కువమందికో వచ్చును. ఇది ఒకరినుండి ఒకరికి అంటుకొనదు. రోగిని తాకుటకు, వాని ఇంటికి పోవుటకు వెనుదీయుట తగదు. అయితే వేయిమందిలో ఒకరికే గదా యని నీటిని నిర్లక్ష్యము చేయుటయు తగదు. ఒకే ట్యాంకు నీరు ఐదువేలమంది త్రాగు ఊళ్లు మనకు లెక్కలేనన్ని కలవు.

సూక్ష్మజీవి ఎక్కడ నుండును?

కోళ్లు, బాతులు మొదలగు పక్షుల ప్రేవులే దీనికి పుట్టినిల్లు. కోడి శరీరపు వేడిమి మనకంటె ఎక్కువ; ఆ వేడిమిలో ఇది చక్కగా పెరుగును. కోడికి దానివలన ఏ జబ్బును రాదు. పశువుల పేడలోను ఇది ఉండును. అట్టి మలము కలిసిన నీరు, కాచని పాలు, సరిగా ఉడుకని కోడిమాంసము మూలమున మనకు చేరును. కడుపులో దిగవలసిన సంఖ్యయు స్వల్పమే. 1981లో రాబిన్సన్ అను బ్రిటిష్ వైద్యుడు తనమీదనే ప్రయోగము చేసికొని, పాలలో ఐదువందల సూక్ష్మజీవులను మాత్రమే కలుపుకొని త్రాగి జబ్బుపడెను. ఐదువందలనగా కంటికి కానరాని నలుసులో వేయవవంతైనను కాదు.

పాలు కాచి త్రాగుట మన ఇండ్లలో అనాదినుండి ఉన్న అలవాటు. ఇందువలన మనకు గొప్ప మేలు జరిగినది. కోడిమాంసము విషయమున మాత్రము వంటయింటిలో ఒక పొరపాటు జరుగుచుండును. పచ్చిమాంసము కోసిన కత్తిపీటతోనే, కడుగకుండ, ఉల్లిపాయలు, దోసకాయలు తరిగెదరు. కూర ఉడుకును, పచ్చి ముక్కలు ఉడుకవు. కోళ్లు కోయు దుకాణములకు అనుమతినిచ్చు పంచాయతీ, ఆ దుకాణము కడిగిన నీరు ఎక్కడికి పోవుచున్నదో ఒక్కసారి కాలినడకన వెళ్లి చూడవలెను.

ట్యాంకు, గొట్టము, బావి

సంతోషింపదగిన విషయమేమనగా, ఈ సూక్ష్మజీవి మొండిది కాదు. మరగించిన నీటిలో బ్రదుకదు. సరియైన మోతాదు క్లోరిన్‌కు నిలువదు. నీరు తేటగా నుండవలెను; బురదనీటిలో క్లోరిన్ బురదతోనే వ్యయమైపోవును.

మన ఊళ్లలో ట్యాంకు గోడపై కడిగిన తేదీ రంగుతో వ్రాయు ఆచారము కలదు. ఆ తేదీ కొన్నిచోట్ల రంగు వెలిసిపోవువరకు మారదు. తేదీకన్న నమ్మదగిన సాక్షి కుళాయి నీరే. ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి వీధిలో చివరి కుళాయివద్ద నీరు పట్టి పరీక్షింపవలెను. పరీక్షపెట్టెలోని ఆర్థోటాలిడిన్ ద్రవపు చుక్కలు వేసినచో క్లోరిన్ ఉన్న నీరు పసుపురంగునకు తిరుగును. లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ అక్కడ మిగిలియుండవలెను. రంగు మారలేదనగా దారిలో ఎక్కడనో మురికి కలిసినదనియో, పొడియే కలుపలేదనియో అర్థము.

మురికి దారిలో కలియుట ఎట్లు? నీరు విడిచిన గంటలలో గొట్టములోని నీరు బయటికి త్రోయును. విడువని గంటలలో గొట్టము వట్టిదై, పగులు ఉన్నచోట చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. కుళాయికి మోటారు బిగించి నీరు లాగు ఇండ్లున్న వీధిలో ఈ పీల్పు మరింత ఎక్కువ. మోటారు పెట్టినవాడు తన ఇంటికి ఎక్కువ నీరు వచ్చినదని సంతోషించును. వచ్చినదానిలో మురుగుకాలువ వాటా ఎంతయో వానికి తెలియదు. ఈ మోటార్లను తీయించుట పంచాయతీ సభ్యులకు చిక్కైన పని యని ఎల్లరకు తెలిసినదే, పెట్టినవారు సాధారణముగా ఓటర్లు, చుట్టములు అగుటచే. ఐనను మురుగుకాలువలో నుండి పోవు గొట్టమును పైకెత్తి వేయుట, పగుళ్లకు మరమ్మతు చేయించుట వెంటనే చేయదగినవి. వాటికి ఎవరును అడ్డుచెప్పరు.

బావినీరు త్రాగు ఊళ్లకు లెక్క తెలిసియుండుట మంచిది. బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 3.14తో హెచ్చించి, నాలుగుచే భాగింపవలెను. వచ్చినది ఘనపు మీటర్లు. ఒక్కొక్క ఘనపు మీటరు వేయి లీటర్లు. మూడు మీటర్ల వ్యాసము, నాలుగు మీటర్ల నీరు గల బావిలో సుమారు 28 వేల లీటర్లుండును. మంచి బ్లీచింగ్ పౌడరైనచో వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున, ఈ బావికి 70 గ్రాములు చాలును. నీరు మురికిగా నున్నచో ఎక్కువ కావలెను. ఎంతయో ఆరోగ్య సిబ్బంది పరీక్షించి చెప్పగలరు.

పొడిని నేరుగా బావిలో చల్లరాదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, పిమ్మట బకెట్టు ముప్పాతిక వరకు నీరుపోసి కలియబెట్టి, ఐదు పది నిమిషములు కదల్పక ఉంచినచో సున్నము అడుగున పేరుకొనును. పైతేటను వేరొక బకెట్టులోనికి వంచి, దానిని త్రాడుతో నీటిలోనికి దింపి పైకి క్రిందికి ఆడింపవలెను. అడుగు సున్నమును దూరముగా పారబోయవలెను. ఒక గంట గడచినపిమ్మటనే నీరు తోడుకొనవలెను. రాత్రివేళ కలిపినచో ఎవరికిని ఇబ్బంది యుండదు. మూతిలేని సంచిలో, తడి నేలపై ఆరు నెలలు నిలువయున్న పొడి ఘాటు పోయి ఒట్టి సున్నముతో సమానమగును. వాసన చూచిన చాలు, తెలియును. అట్టి పొడిని ఎంత వేసినను రిజిస్టరు నిండును గాని నీరు బాగుపడదు.

రోగి కనబడినపుడు

పదునైదేండ్ల లోపు పిల్లలకు అకస్మాత్తుగా కాలు గాని చేయి గాని మెత్తగా వాలిపోయినచో, కారణమేదైనను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఆ దినమే తెలియజేయవలెను. ఇది పోలియోను కనిపెట్టుటకై ఏర్పడిన పద్ధతి. మన దేశమున చివరి పోలియో రోగి 2011 జనవరిలో కనబడగా, 2014 మార్చి 27న దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. అది తిరిగి రాలేదని నిశ్చయించుకొనుటకు ఆ పిల్లల మలమును, జబ్బు మొదలైన పదునాలుగు దినములలో, ఇరువదినాలుగు గంటల ఎడముతో రెండుమార్లు తీసి పరీక్షకు పంపుదురు. పోలియో పోయిన తరువాత ఇట్టి పిల్లలలో ఎక్కువగా కనబడుచున్నది గిలాన్-బారే వ్యాధియే. కావున ఒక్క కబురుతో రెండు కార్యములు నెరవేరును. ఒకే నెలలో ఒకే ఊరినుండి ఇద్దరు ముగ్గురు వచ్చినచో, పిల్లలైనను పెద్దలైనను, నీటి నమూనాలను పరీక్షకు పంపవలెను. ఫలితము వచ్చువరకు నీరు కాచి త్రాగుడని దండోరా వేయింపవలెను.

ఆసుపత్రిలో రెండు చికిత్సలు కలవు. ఇమ్యునోగ్లోబులిన్ అను మందును ఐదు దినములు నరమునకు ఎక్కించుట యొకటి. రక్తములోని ద్రవభాగమును యంత్రముతో తీసి, దానితోపాటు ప్రతిరక్షకములను తొలగించుట రెండవది. రెండును సమానముగా పనిచేయుచున్నవని తేలినది. ఏదైనను మొదటి రెండు వారములలో జరిగిననే ఎక్కువ ఫలము. స్టెరాయిడు మందులవలన ఈ జబ్బులో మేలు లేదని పరీక్షలలో తెలిసినది. మందు చాల ఖరీదైనది. కావున రోగితోపాటు ఆధార్ కార్డు, ఆరోగ్య పథకపు కార్డు వెంటనే పంపుట మరువరాదు. అర్ధరాత్రి కార్డుకొరకు ఊరికి తిరిగివచ్చు బంధువులను పంచాయతీ సభ్యులు ఎరుగుదురు.

రోగులలో ఎక్కువమంది కోలుకొందురు. ఆరు నెలలకు నూటికి 80 మంది ఎవరి సాయమును లేక నడువగలరు. మిగిలినవారికి ఇంకను కాలము పట్టును. ఇంటికి తెచ్చిన రోగిని మంచముమీద ఒకే ప్రక్కగా పరుండబెట్టక, రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో వీపున పుండ్లు పడును. కీళ్లు బిగిసికొనకుండ దినమును రెండుమార్లు కాళ్లు చేతులు కదలింపవలెను. ఎట్లు కదలింపవలెనో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపినచో ఇంటివారు నేర్చుకొందురు. తొడుగు మాత్రమే చెడిన నరము కొన్ని వారములలో, నెలలలో బాగుపడును. లోపలి తీగ తెగిన నరము దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. మోకాలినుండి పాదమువరకు నలుబది సెంటీమీటర్లనుకొన్నచో, నాలుగువందల దినములు.